కుక్క కరిచిన ఆవు పాలు తాగొచ్చా?

ప్రశ్న: మాది ఒడిశా గజపతి జిల్లాలో కాశీనగర్ దగ్గర పల్లె. పన్నెండు రోజుల కిందట మేత నుంచి వస్తున్న మా చూడి ఆవును ఊరకుక్క మూతి మీద కరిచింది. ఆ కుక్క మళ్లీ కనబడలేదు. మా ఆయన ఉత్త నీళ్లతో గాటు కడిగి ఆకు పసరు పిండారు. నాలుగు రోజుల కిందట ఆవు ఈనింది, పెయ్యదూడ. జున్ను వండి చుట్టుపక్కల ఇళ్లకు పంచాం. ఇప్పుడు ఆ పాలు తాగితే పిచ్చెక్కుతుందని అందరూ భయపెడుతున్నారు. జున్ను తిన్నవాళ్లంతా ఇంజెక్షన్లు వేయించుకోవాలా? ఆవు బాగానే మేస్తోంది.

జవాబు: అమ్మా, ముందు జున్ను సంగతి చెప్తాను, మీకు నిద్ర పట్టనివ్వనిది అదే కాబట్టి. బెల్లం కలిపి ఆవిరి మీద గట్టిపడేదాకా ఉడికించారు కదా, ఆ వేడికి రేబిస్ వైరస్ బతకదు. పైగా మీ ఆవు ఈ రోజుకు ఆరోగ్యంగానే ఉంది. జున్ను తిన్నందుకు ఎవరికీ ఇంజెక్షన్లు అక్కర్లేదు. ఈ మాట ఆ ఇళ్లవాళ్లకు కూడా చెప్పండి. పాలు బాగా పొంగేదాకా కాచి తాగండి. పచ్చిపాలు మాత్రం పిల్లలకు పొయ్యకండి. కుక్క కరవని ఆవువైనా సరే, పచ్చిపాలతో విడవకుండా జ్వరం తెచ్చే బ్రూసెల్లోసిస్ లాంటి జబ్బులు వస్తాయి.

నా బెంగ వేరే రెండింటి మీద. పన్నెండు రోజులైనా ఆవుకు టీకా పడలేదు. మీ ఆయన వట్టి చేతులతో గాటు కడిగారు.

పశువు కుక్కను కొమ్ములతో తరమబోయి తల వంచుతుంది, కుక్క మూతిని అందుకుంటుంది. ఈ వైరస్ గాటు నుంచి నరాల వెంట మెదడుకు పాకుతుంది. కాలి గాటు కంటే మూతి గాటుకు ఆ దారి బాగా దగ్గర. కుక్క దొరికి ఉంటే పది రోజులు కట్టేసి చూసేవాళ్లం. దొరకలేదు కాబట్టి పిచ్చికుక్కే అనుకుని నడవాలి. ఆలస్యమైందని వదిలెయ్యొద్దు, జబ్బు లక్షణాలు లేనంతకాలం టీకా మొదలుపెట్టొచ్చు. మొదటి రోజును సున్నాగా లెక్కేసి 3, 7, 14, 28 రోజులకు మిగతావి వెయ్యాలి. సోమవారం మొదలుపెడితే రెండోది గురువారం, మూడోది మళ్లీ సోమవారం. ఈనిన ఆవుకూ చూడి ఆవుకూ ఈ టీకా వెయ్యొచ్చు, పాలు పారబొయ్యక్కర్లేదు.

పశువుల ఆసుపత్రిలో టీకా లేక బయట కొనాల్సి వస్తే, ఫ్లాస్కులో ఐసు ముక్కలు వేసి అందులో పెట్టి తీసుకురండి. అలాగని గడ్డకట్టనివ్వకూడదు. పర్లాకిమిడిలో కొని చొక్కా జేబులో వేసుకుని మిట్టమధ్యాహ్నం బండి మీద తెచ్చిన టీకాలు మా దగ్గరకు వస్తుంటాయి. సూది గుచ్చినా వాటి వల్ల ఫలితం ఉంటుందని నమ్మలేం.

పసరు గురించి కూడా చెప్పాలి. కరిచిన ప్రతి కుక్కకూ పిచ్చి ఉండదు. పిచ్చికుక్క కరిచిన ప్రతి పశువుకూ జబ్బు రాదు. అలా బతికిన పశువులను చూపించే పసరు వైద్యానికి పేరు వచ్చింది. గాటుకు కావలసింది సబ్బు, ధారగా పారే నీళ్లు, పావుగంట ఓపిక. ఆ తర్వాత అయోడిన్ మందు పూస్తే చాలు. సున్నం, కారం, పసరు పెట్టకూడదు, కుట్లు కూడా వద్దు.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి. టీకా వేసినా ఆరు నెలల దాకా ఆవును కనిపెట్టి ఉండాలి. పశువుల్లో ఈ జబ్బు కుక్కల్లోలాగా కరవడంతోనే మొదలవదు. మేత మానేస్తుంది, కుడితి ముందు పెట్టినా మింగలేదు. మూతి నుంచి చొంగ తీగలు తీగలుగా కారుతుంది. గొంతు బొంగురుపోయి అదేపనిగా అరుస్తుంది. మాటిమాటికీ ముక్కుతుంది, వెనక కాళ్లు తూలతాయి. అరుపులు విని ఎదకొచ్చిందనుకుంటారు. చొంగ చూసి గొంతులో మామిడి టెంకో దుంపో అడ్డం పడిందనుకుంటారు. ఇంట్లో ఎవరో ఒకరు నోరు తెరిచి మోచేతి దాకా చెయ్యి పెడతారు. పళ్లకు చర్మం గీసుకుపోతుంది, వైరస్ ఉన్న చొంగ అక్కడే అంటుతుంది. ఈ పొరపాటు చదువుకున్న ఇళ్లలోనూ జరుగుతుంది. లక్షణాలు బయటపడటానికి కొద్ది రోజుల ముందు నుంచే చొంగలో వైరస్ ఉండొచ్చు. అందుకే ఈ ఆరు నెలలూ ఆవు నోట్లో చెయ్యి పెట్టొద్దు, గొట్టంతో మందు పట్టొద్దు. అనుమానం వస్తే దూడను వేరు చేసి, ఆవును గట్టి తాడుతో విడిగా కట్టి, పిల్లలను అటు పోనివ్వకుండా పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చెయ్యండి. లక్షణాలు కనబడ్డాక మాత్రం మందు లేదమ్మా. ఆ పాలూ మాంసమూ వాడకూడదు, చనిపోతే తోలు తియ్యకుండా లోతుగా పాతిపెట్టాలి.

ఇక మీ ఆయన. కరిచిన వెంటనే గాటులో కుక్క చొంగ ఉంటుంది. కొడవలి గీతో ముల్లు గుచ్చుకున్న పుండో ఆ రోజు చేతి మీద ఉన్నా, ఉందో లేదో గుర్తులేకపోయినా, పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రికి రేపే పంపండి. డాక్టరు చూసి టీకాతో పాటు, టీకా పనిచేసేలోపు వైరస్‌ను అడ్డుకునే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా కావాలో లేదో చెప్తారు. బొడ్డు చుట్టూ పొడుస్తారని ఆయన భయపడితే, ఆ పాత టీకా తయారీని మన దేశంలో 2004లోనే ఆపేశారని చెప్పండి. ఇప్పుడు చేతికే వేస్తారు. పనికోసం ఆంధ్రాలోని పాతపట్నం వైపు వెళ్లాల్సి వచ్చినా డోసు తప్పకూడదు. ఆసుపత్రి చీటీ వెంట ఉంటే అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో అడిగి మిగతాది వేయించుకోవచ్చు.

ఆవు బాగున్నంతకాలం దూడను పొదుగు దగ్గరకు వదలండి. ఆ సాయంత్రం అదే దారిన మీ ఆవుతో పాటు ఎవరెవరి పశువులు వచ్చాయో కనుక్కోండి. మందలో ఒకదాన్ని కరిచిన కుక్క ఇంకోదాన్నీ కరిచి ఉండొచ్చు. మేకకు కాలి మీద పడిన చిన్న గాటు బొచ్చులో కనబడదు, చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని తడిమి చూడమనండి.