గడ్డకట్టిన నది మీద రెండు దాడులు

ప్రశ్న: 1812లో మొదలైన అమెరికా-బ్రిటన్ యుద్ధంలో అమెరికన్లు మంచు గడ్డకట్టిన నది దాటి, కెనడాలో జైల్లో ఉన్న తమవాళ్లను విడిపించుకు వచ్చారట. నిజమేనా? మంచు విరగలేదా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: నిజమే. అది 1813 ఫిబ్రవరి 6 రాత్రి. అక్కడ సెయింట్ లారెన్స్ నదే సరిహద్దు. దక్షిణపు ఒడ్డున న్యూయార్క్ రాష్ట్రంలోని ఆగ్డెన్స్‌బర్గ్, ఎదురుగా బ్రిటిష్ సైన్యం ఉన్న ప్రెస్కాట్. అమెరికన్ దళనాయకుడు బెంజమిన్ ఫోర్సిత్ ఎదురుగా దాటలేదు. సుమారు 200 మందిని చక్రాల్లేని మంచుబండ్లలో ఎగువన మోరిస్‌టౌన్ దాకా తీసుకెళ్లి, అక్కడి నుంచి నది దాటి ఎలిజబెత్‌టౌన్‌లోకి దిగాడు. ఇప్పటి బ్రాక్‌విల్ అదే. కాపలా పలచగా ఉండే చోటు. తెల్లారేలోగా జైలు తెరిపించి, సుమారు 50 మందిని బందీలుగా పట్టుకుని, వందకు పైగా తుపాకులతో వెనుదిరిగారు. అమెరికన్లలో గాయపడింది ఒక్కడు.

ఇక మంచు సంగతి. గట్టి మంచు 4 అంగుళాలుంటే మనిషి నడవొచ్చు. గుర్రం, బండి వెళ్లాలంటే 10 అంగుళాలైనా కావాలి. మందం అంతటా ఒకేలా ఉండదు. ప్రవాహం వడిగా ఉన్నచోట, ఉపనది కలిసేచోట పలచబడుతుంది. అందరూ గుంపుగా నడిస్తే బరువంతా ఒకేచోట పడుతుంది కాబట్టి ఎడం పాటించాలి. పైన కప్పిన మెత్తటి మంచు ఇంకో తంటా. కాలు దిగబడుతుంది, ఫిరంగి చక్రమైతే కదలనే కదలదు.

ప్రశ్న: ఫోర్సిత్ మనుషులు రైఫిల్ దళమట కదా. అప్పటి మామూలు తుపాకీ కన్నా రైఫిల్ మెరుగా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: గురికి మెరుగు, వేగానికి కాదు. మామూలు తుపాకీ గొట్టం లోపల నున్నగా ఉంటుంది. తూటా వదులుగా జారిపోతుంది కాబట్టి ఆరితేరిన సిపాయి నిమిషానికి మూడుసార్లు పేల్చేవాడు. కానీ 100 గజాలు దాటితే తగలడం అదృష్టమే. రైఫిల్ గొట్టంలో మెలితిరిగిన గాడులుంటాయి. తూటాకు గుడ్డ చుట్టి బిగించి దించాలి, అందుకే నిమిషానికి ఒకటీ అరా పేలేది. 200 గజాల దూరంలోనూ మనిషికి గురి కుదిరేది. అయితే ఫోర్సిత్ వాళ్ల రైఫిళ్లకు బాయ్‌నెట్, అంటే తుపాకీ కొసన బిగించే కత్తి, లేదు. చీకట్లో మెరుపుదాడికి బాగా పనికొస్తుంది గాని, శత్రువు బాయ్‌నెట్లతో వరసకట్టి మీదికొస్తే నిలబడి కాచుకోవడం కష్టం.

ప్రశ్న: బ్రిటిష్ వాళ్లు ఊరుకున్నారా?
– మరో పాఠకుడు, కరీంనగర్

జవాబు: పదిహేను రోజులకు మించి ఊరుకోలేదు. అప్పుడే ప్రెస్కాట్ మీదుగా వెళ్లిన కెనడా బ్రిటిష్ గవర్నర్ జనరల్ ప్రెవోస్ట్ బెదిరింపు కవాతు దాకానే అనుమతిచ్చాడు. అక్కడి సేనాని జార్జ్ మెక్‌డొనెల్ ఫిబ్రవరి 22 ఉదయం దాన్నే ఆగ్డెన్స్‌బర్గ్ మీద అసలు దాడిగా మార్చేశాడు. తన సిపాయిలు నది మంచు మీద కవాతు చేయడం అమెరికన్లకు అలవాటైన దృశ్యమే కావడంతో, ఆ వేళా కవాతే అనుకున్నారు.

సుమారు 480 మంది రెండు దండులుగా దాటారు. కెప్టెన్ జెంకిన్స్ దండు ఆ ఊళ్లోని పాత ఫ్రెంచి కోట మీదికి వెళ్లింది. చదునైన మంచు మీద దాక్కునేందుకు చెట్టూ గట్టూ లేవు. ఫిరంగి దెబ్బకు జెంకిన్స్ ఒక చెయ్యి నుజ్జయింది, అయినా నడిపించాడు, రెండో చెయ్యీ దెబ్బతింది. మెక్‌డొనెల్ ఫిరంగులు ఒడ్డున మంచులో కూరుకుపోయాయి, అయినా కాల్బలం ఆగకుండా ఊళ్లోకి చొరబడింది. ఫోర్సిత్ వెనక్కి తగ్గాడు. బారకాసులు, మంచులో ఇరుక్కున్న పడవలు తగలబడ్డాయి. బ్రిటిష్ పక్షాన పది మంది లోపు చనిపోయారు, 50 మంది దాకా గాయపడ్డారు.

నా లెక్కలో ఎలిజబెత్‌టౌన్ విజయం అమెరికాకు నష్టబేరమే. బ్రిటిష్ వారికి మాంట్రియల్ నుంచి కింగ్‌స్టన్‌కు సరుకు చేరే దారి ఈ నదే. దాన్ని తెంపగల చోటు ఆగ్డెన్స్‌బర్గ్. ఈ ఓటమి తర్వాత యుద్ధం ముగిసేదాకా అక్కడ అమెరికా మళ్లీ దండు పెట్టలేదు. ఊరి వర్తకులు మాత్రం పెద్దగా చింతించలేదు, ఎదుటి ఒడ్డుకు సరుకులమ్ముకున్నారు.