నీళ్లలో పడితే లైఫ్ జాకెట్ తనంతట తానే ఉబ్బుతుందా?

ఆటోమేటిక్ రకమైతే ఉబ్బుతుంది. హుస్సేన్ సాగర్ బోటులో మామూలుగా తొడిగే ఫోమ్ జాకెట్‌కు ఆ అవసరమే లేదు, అది ఎప్పుడూ తేలుతూనే ఉంటుంది.

ఆటోమేటిక్ జాకెట్లలో చాలావాటికి మాత్రంత బిళ్ల ఒకటి స్ప్రింగ్‌ను ఆపి ఉంచుతుంది. నీళ్లు తగలగానే బిళ్ల కరుగుతుంది. స్ప్రింగ్ సూదిని తోస్తుంది, సూది కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌ను పొడుస్తుంది, కొన్ని సెకన్లలో జాకెట్ నిండిపోతుంది. ఉదాహరణకు, తలకు దెబ్బ తగిలి సముద్రంలో పడిన జాలరి, జాకెట్‌ను చేత్తో ఉబ్బించే తాడు లాగలేడు. బిళ్లకు అతని చెయ్యి అక్కర్లేదు. (వానకు, తేమకూ ఒక్కోసారి కరుగుతుంది, అదో తలనొప్పి.)

జాకెట్ ఉబ్బితే రెస్క్యూ వాళ్లకు కబురు వెళ్తుందని చాలామంది అనుకుంటారు. వెళ్లదు. దానికి ఏఐఎస్ బీకన్ లాంటిది (రేడియో సంకేతం పంపే చిన్న పరికరం) విడిగా తగిలించాలి; అది మనిషి ఉన్న చోటును దగ్గరి ఓడల తెరలపై చూపిస్తుంది.