ఫోటాన్ దారిల ఏం పెట్టినా అది టార్గెట్టే

బిడ్డా స్వాతీ,

నువ్వు పంపిన 10 ఎంఈవీ (ఎనర్జీ కొలత) లైనాక్, అదే ఎలక్ట్రాన్లను సీదా గీతల ఉరికించే మెషిన్, డ్రాయింగ్ చూసిన. మెషిన్ మంచిగనే గీసినవ్. తొందరపడ్డది కన్వర్టర్ (ఎలక్ట్రాన్లు తాకి ఫోటాన్లు పుట్టే రేకు), కొలిమేటర్ (ఫోటాన్లను సన్న దారిల పెట్టే దిమ్మ) కాడ.

నీ రియాక్షన్ బంగారం 197 నుంచి న్యూట్రాన్ ఊడగొట్టుడు. దానికి 8.07 ఎంఈవీ కావాలె. బ్రెమ్‌స్ట్రాలుంగ్‌ల, అంటే కన్వర్టర్‌ల ఎలక్ట్రాన్లు ఆగుతుంటే వచ్చే ఫోటాన్లల్ల, సున్నా నుంచి బీమ్ ఎనర్జీ దాక అన్నీ వస్తయి, పనికొచ్చేది చివరి పిడికెడే. ఆ పిడికెడుతోని పుట్టిన న్యూట్రాన్లను లెక్కపెట్టాలంటే, వేరే కాడ న్యూట్రాన్ పుట్టొద్దు. నువ్వేమో సీసం కొలిమేటర్ పెట్టినవ్. సీసం 207 నుంచి 6.74కే, 208 నుంచి 7.37కే న్యూట్రాన్ వస్తది. కన్వర్టర్‌ల టంగ్‌స్టన్ 183కు 6.19 చాలు. డిటెక్టర్ ఎవరివని లెక్కపెడ్తది?

బీమ్‌ను 9.5కు దించు. రాగిల తక్కువ గడప (న్యూట్రాన్ ఊడే కనీస ఎనర్జీ) 65వ ఐసోటోపుది, 9.91. అందుకే కన్వర్టర్ 5 మిల్లీమీటర్ల రాగి, కొలిమేటరూ రాగే. టంగ్‌స్టన్ కన్నా ఫోటాన్లు తగ్గుతయి, తగ్గనియ్. కన్వర్టర్ దాటొచ్చే ఎలక్ట్రాన్లకు వెనక 30 మిల్లీమీటర్ల అల్యూమినియం పెట్టు. దాని గడప 13.06, సప్పుడు చెయ్యదు. బీమ్ ఎనర్జీ తోక 9.9 దాటకుండ బీమ్‌ను వంచే బెండింగ్ మాగ్నెట్ తర్వాత స్లిట్ (సన్న సందు) ఉండాలె, అదీ రాగిదే.

9.5 కాడ బీమ్ కరెంటు 100 మైక్రోఆంపియర్లంటే 950 వాట్లు. బకెట్ల పెట్టే హీటర్ రాడ్ వేడంతా అయిదు మిల్లీమీటర్ల మచ్చ మీద పడ్డట్టు. కన్వర్టర్‌కు చల్లనీళ్ల పైపును అతికించిన బ్రేజింగ్ పగిలితే నీళ్లు సీదా వాక్యూమ్‌లకు పోతయి.

ట్యాగింగ్, అంటే ఒక్కో ఫోటాన్‌ను దాన్ని పుట్టించిన ఎలక్ట్రాన్‌తోని జోడీ కట్టే ఆలోచన, ఇడిసిపెట్టు. 4 మైక్రోసెకన్ల పల్సులు సెకనుకు 250 అంటే బీమ్ ఉండేది సెకన్ల ఒక్క మిల్లీసెకను. ఆ ఇరుకుల ఏ ఎలక్ట్రాన్ ఏ ఫోటాన్‌దో తెల్వది. దానికి జర్మనీల మైంజ్‌ల ఉన్న మామి మెషిన్ లెక్క తెంపు లేకుండ బీమ్ ఇచ్చే మెషిన్ కావాలె.

ఇగ నీళ్ల సంగతి. లైనాక్‌ల ఎలక్ట్రాన్లను ఉరికించే 2856 మెగాహెర్ట్జ్ రాగి క్యావిటీ ఒక్క డిగ్రీ వేడెక్కితే దగ్గరదగ్గర 48 కిలోహెర్ట్జ్ జారుతది. మన నల్లగొండ ఎండల ఉత్త కూలింగ్ టవర్‌ను నమ్మకు, చిల్లర్ పెట్టు. పటిక, సున్నం కలిపే నల్గొండ టెక్నిక్‌తోని ఫ్లోరైడ్ తగ్గుతది గని లవణాలు పోవు. బోరు నీళ్లు ఎక్కిస్తే సన్న కాల్వల్ల పొలుసు కడ్తది. ఆర్‌ఓ అయినంక మిగిలిన లవణాలను పట్టే మిక్స్‌డ్ బెడ్ రెజిన్ ఎక్కించి, నీళ్ల శుద్ధి చూపే రెసిస్టివిటీ మీటర్ పెట్టు.

గోడ లేపకముందే షీల్డింగ్ లెక్కలు అణుశక్తి నియంత్రణ మండలి ఏఈఆర్‌బీకి పోవాలె. కొత్త డ్రాయింగ్‌ల స్లిట్ వెడల్పు, దాని చల్లదనం పైపులు గీసి పంపు. ఈసారి అవి లేవు.

నీ పెద్దనాయన