జాగ్రఫీ చదివితే డబ్బులొస్తాయా?

ప్రశ్న: ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. ఎప్‌సెట్‌లో మంచి ర్యాంకు రాలేదు. నాన్న 8 లక్షలు ఎడ్యుకేషన్ లోన్ తీసుకుని మేనేజ్‌మెంట్ కోటాలో బీటెక్ చదివిస్తానంటున్నారు. నాకేమో జాగ్రఫీ అంటే ఇష్టం. గవర్నమెంట్ కాలేజీలో డిగ్రీ చేస్తానంటే "మ్యాపులు చూస్తే కడుపు నిండుతుందా" అని కోప్పడ్డారు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ఆ డిగ్రీకి డబ్బు విలువ ఉందో లేదో సూటిగా చెప్పండి.
– ఓ విద్యార్థిని, వనపర్తి

జవాబు: సూటిగానే చెప్తానమ్మా. ఉట్టి జాగ్రఫీ డిగ్రీ పట్టుకుని హైదరాబాద్ బస్సెక్కితే దొరికేది చిన్న జీతమే. మీ నాన్నగారి భయంలో నిజం ఉంది. కానీ ఆయన జీతం ఒక్కటే లెక్కేస్తున్నారు, అప్పు లెక్కెయ్యడం లేదు. 8 లక్షలు పదిన్నర శాతం వడ్డీకి తెచ్చి ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 13,500 కట్టాలి, నువ్వు చదివే నాలుగేళ్ల వడ్డీ ఇందులో కలపనే లేదు. బీటెక్ అయ్యాక 30 వేల ఉద్యోగం వచ్చిందనుకో, కిస్తీ పోగా చేతికి మిగిలేది 16,500. ఇష్టం లేని బ్రాంచిలో చేరి బ్యాక్‌లాగులు పడితే ఆ ఉద్యోగమైనా ఆలస్యమవుతుంది గానీ కిస్తీ ఆగదు. డిగ్రీకి ఫీజు చాలా తక్కువ, రీయింబర్స్‌మెంట్ వస్తే ఆ బాధా ఉండదు. 21 ఏళ్లకు 18 వేలతో మొదలుపెట్టినా ఆ 18 వేలూ నీవే. మంచి కాలేజీలో కన్వీనర్ కోటా సీటొచ్చి ఉంటే మాత్రం నేనే బీటెక్ చెయ్యమనేదాన్ని.

ఇక జాగ్రఫీలో డబ్బు ఎక్కడుందంటే, జీఐఎస్‌లో ఉంది, అంటే మ్యాపుల్నీ వాటికి సంబంధించిన డేటానీ కంప్యూటర్‌లో కలిపి చేసే పనిలో. కొన్నేళ్లు నేను చేసింది ఆ పనే. స్కాన్ చేసిన పాత గ్రామ నక్షా తెరమీద పెట్టి, మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే రాయి ఉపగ్రహ చిత్రంలో ఎక్కడుందో వెతికి, ఆ రెండింటినీ కలిపి, ఒక్కో సర్వే నంబరు హద్దు వెంట మౌస్‌తో గీత గీసుకుంటూ పోవాలి, పక్క పొలం గీతకీ దీనికీ మధ్య వెంట్రుకంత సందు మిగిలినా సాఫ్ట్‌వేర్ ఎర్రగా చూపిస్తుంది. నేను మొదట చేరిన చోట రోజుకు ఇన్ని అని టార్గెట్, రెండేళ్లు జీతం రూపాయి కదల్లేదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని, నలుగురు వారంపాటు చేసే తనిఖీని స్క్రిప్టుతో చేసి చూపించాకే నా జీతం పెరిగింది. గీతలు గీసే పనికి జీతం తక్కువ, డేటాతో లెక్క తేల్చి చెప్పే పనికే ఎక్కువ. ఆ తేడా ముందే ఎవరైనా చెప్పి ఉంటే నాకు రెండేళ్లు మిగిలేవి, అందుకే నీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈ పనికి హైదరాబాద్ కొత్త కాదు. ఉపగ్రహ చిత్రాల పని చూసే ఇస్రో వాళ్ల ఎన్‌ఆర్‌ఎస్‌సీ బాలానగర్‌లోనే ఉంది. ఇప్పుడు సైయెంట్ అని పిలిచే కంపెనీ 1991లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ పేరుతో ఇక్కడే మొదలైంది, మ్యాపుల డిజిటైజేషన్‌తోనే ఎదిగింది. 2020లో కేంద్రం స్వామిత్వ పథకంతో ఊళ్లలో ఇళ్ల స్థలాలను డ్రోన్లతో కొలిపించడం మొదలుపెట్టింది, 2021 ఫిబ్రవరిలో మ్యాపింగ్ మీద ఉన్న అనుమతుల గొడవ చాలావరకు తీసేసింది. పని ఉంది తల్లీ, పని తెలిసినవాళ్లకు ఉంది.

సివిల్స్ కోసమే జాగ్రఫీ అనుకుంటుంటే ఆ ఆలోచన పక్కన పెట్టు. మెయిన్స్‌లో ఆప్షనల్‌కు 500 మార్కులున్న మాట నిజమే, కానీ ఏ డిగ్రీ చదివినవాళ్లైనా జాగ్రఫీ తీసుకోవచ్చు. టీచింగ్ ఇష్టమైతే బీఈడీ చేసి డీఎస్సీ రాయొచ్చు, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో మాత్రం ఎవరి చేతిలోనూ లేదు. పీజీ చేసి యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ కొడితే పరిశోధన చేసుకుంటూ నెలకు 37,000 ఫెలోషిప్ వస్తుంది. అది మంచి దారే, కష్టమైన దారి కూడా.

నువ్వు ఎంపీసీ కాబట్టి బీఏ వైపు వెళ్లకు. డిగ్రీ అడ్మిషన్ల వెబ్‌సైట్ దోస్త్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు జాగ్రఫీతో మ్యాథ్సో కంప్యూటర్సో కలిసొచ్చే బీఎస్సీ ఎక్కడుందో వెతుకు. ఎన్‌ఆర్‌ఎస్‌సీ లాంటి చోట్ల పాత నోటిఫికేషన్లు ఓ పది తిరగేసి అర్హతల గడి చదువు, ఏ డిగ్రీకి తలుపు తెరుస్తున్నారో నీకే తెలుస్తుంది. జీఐఎస్ పనికి వాడే క్యూజీఐఎస్ ఫ్రీ సాఫ్ట్‌వేర్, ఇవాళే ఇన్‌స్టాల్ చేసుకో. డెహ్రాడూన్‌లో ఇస్రో వాళ్ల శిక్షణ సంస్థ ఐఐఆర్‌ఎస్ ఉంది, దాని ఆన్‌లైన్ కోర్సులు చాలావాటికి ఫీజు లేదు.

మొదటి ప్రాజెక్టు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. 2019 డిసెంబరు 31న మీ జిల్లాలోనే సరళాసాగర్ రిజర్వాయర్ కట్ట తెగింది, నీకూ గుర్తుండే ఉంటుంది. ఆ రోజుకు ముందూ తర్వాతా తీసిన సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి, అందులో ఒక్కో చుక్క నేలమీద 10 మీటర్లు. రెండింటినీ పక్కపక్కన పెట్టి, నీళ్లు ఎన్ని ఎకరాల్లో ఉండేవో, ఎన్ని ఎకరాలకు తగ్గిపోయాయో నువ్వే లెక్కకట్టు. ఆ మ్యాపు రంగుల్లో ప్రింటు తీయించి ముందు మీ నాన్నగారికి చూపించు, పక్కనే అప్పు లెక్క కాగితం కూడా పెట్టు. ఆయన ఏమన్నారో, ఏ కాలేజీలో సీటొచ్చిందో మళ్లీ రాయి.