ఆరున్నరకు బుకింగు, ఆరూ యాభైకి చేరిక

ప్రశ్న: వచ్చే వేసవి సెలవుల్లో మేము ఆరుగురం, అంటే మేమిద్దరం, మా అత్తగారు, మామగారు, ఎనిమిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప, ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌కు వెళ్తున్నాము. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో గదులు తీసుకున్నాము. ఒకరోజు పొద్దున యానిమల్ కింగ్‌డమ్ పార్కు చూసి, మధ్యాహ్నం గదికి వచ్చి కాస్త నడుం వాల్చి, సాయంత్రం 6.30కి పాలినీషియన్ హోటల్లోని ఒహానా రెస్టారెంటులో భోజనం చేయాలని అనుకున్నాము. మామగారికి మోకాళ్ల నొప్పులు, వడివడిగా నడవలేరు. పాపకు తోపుడు బండి ఉంటుంది. అనుకున్న వేళకు చేరలేకపోతే మా బుకింగు పోతుందా? కార్డులోంచి డబ్బు తీసుకుంటారా? ఎంత ముందు బయల్దేరాలి?
– ఒక పాఠకురాలు, డల్లాస్

జవాబు: ముందు మీ దిగులు కొంత తగ్గిస్తాను. అక్కడి రెస్టారెంట్లలో బుకింగు వేళ దాటిన తరువాత కూడా సాధారణంగా మరో 15 నిమిషాల పాటు మీ పేరు తీసివేయకుండా ఉంచుతారు. అంటే 6.30 బుకింగుకు 6.40కి చేరితే కంగారు పడవలసిన పని లేదు. 6.45 దాటితే మాత్రం ఆ టేబుల్ మీద మీకు హక్కు మిగలదు. అలాగని అక్కడి సిబ్బంది మొహం మీద తలుపు వేసే మనుషులు కారు. ఖాళీ ఉంటే కూర్చోబెడతారు, లేకపోతే వేచి ఉండమంటారు, మరీ రద్దీగా ఉంటే ఈ పూటకు కుదరదని మర్యాదగానే చెబుతారు. సెలవుల సీజనులో, అదీ ఆరుగురికి టేబుల్ కావలసి వచ్చినప్పుడు, మొదటిది జరుగుతుందన్న ఆశ పెట్టుకోకుండా వెళ్లడమే మంచిది.

ఇక డబ్బు సంగతి. బుక్ చేసేటప్పుడు కార్డు వివరాలు తీసుకుంటారు కదా, అది ఇందుకే. భోజన సమయానికి కనీసం 2 గంటల ముందు రద్దు చేసుకోకుండా, అసలు వెళ్లకుండా ఉంటే, ఎక్కువ రెస్టారెంట్లలో మనిషికి 10 డాలర్ల చొప్పున వసూలు చేస్తారు. మీ ఆరుగురికి 60 డాలర్లు అవుతుంది. ఆలస్యంగానైనా వెళ్లి భోజనం చేసినవారి దగ్గర ఈ సొమ్ము తీసుకోరు. ఇది రానివారి కోసం పెట్టిన నియమం. కనుక మీకు అసలైన గడువు 6.30 కాదు, 4.30. ఆ వేళకు మామగారు లేవలేని స్థితిలో ఉన్నా, పాప జ్వరంతో ఉన్నా, ఫోనులోని మై డిస్నీ ఎక్స్‌పీరియన్స్ యాప్‌లో రద్దు చేసేయండి, ఒక్క డాలరు కూడా పోదు. 5 గంటలకు అదే పని చేస్తే 60 డాలర్లూ పోతాయి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఆ 15 నిమిషాలూ కాదు, 60 డాలర్లూ కాదు, మధ్యాహ్నం గదికి వెళ్లడం. డిస్నీ వరల్డ్ ఒక పార్కు కాదు, దాదాపు 40 చదరపు మైళ్ల ఊరు. 1971లో మ్యాజిక్ కింగ్‌డమ్‌తో మొదలై, 1982లో ఎప్‌కాట్, 1989లో ఇప్పుడు హాలీవుడ్ స్టూడియోస్ అని పిలుస్తున్న పార్కు, 1998లో యానిమల్ కింగ్‌డమ్ చేరాయి. వాటి మధ్య హోటళ్లు విసిరేసినట్టు ఉంటాయి. పార్కు నుంచి ప్రతి డిస్నీ హోటల్‌కూ బస్సో, మరో వాహనమో ఉంటుంది. ఒక హోటల్ నుంచి మరో హోటల్‌కు మాత్రం సాధారణంగా నేరుగా బస్సు ఉండదు. భోజనానికి ఆలస్యమయ్యేవారిలో చాలామంది ఈ ఒక్క సంగతి తెలియక ఆలస్యమవుతారు. మ్యాపు మీద చూస్తే రెండూ దగ్గరగానే ఉన్నట్టు కనిపిస్తాయి మరి.

మీ లాడ్జ్ నుంచి పాలినీషియన్‌కు చేరాలంటే మొదట మ్యాజిక్ కింగ్‌డమ్ బస్సు ఎక్కాలి. ఎక్కేముందు పాప బండిని మడవాలి. అక్కడి బస్సుల్లో మడిచిన బండినే ఎక్కించనిస్తారు. దిగాక సంచుల తనిఖీ దాటుకుని హోటళ్ల మోనోరైలు స్టేషనుకు నడవాలి. ఆ మోనోరైలు ఒకే దిశలో తిరుగుతుంది: మ్యాజిక్ కింగ్‌డమ్ తరువాత మొదట కాంటెంపరరీ హోటల్, తరువాత కార్ల పార్కింగు దగ్గరి ప్రయాణికుల కూడలి, మూడోది మీ పాలినీషియన్. ఇదంతా బస్సు వెంటనే వస్తే, రైలు వెంటనే వస్తే. రెండూ వెంటనే రావని అనుకునే ప్రయాణానికి వేళ పెట్టుకోవాలి. నా లెక్క ప్రకారం గదిలోంచి గంటన్నర ముందు, అంటే 5 గంటలకు బయటపడాలి. నడుం వాల్చడానికి వచ్చిన పెద్దవారిని నాలుగున్నరకే లేపి తయారు చేయించాలన్న మాట.

ఇది నచ్చకపోతే దారులు రెండు. ఒకటి, ఆ సాయంత్రానికి టాక్సీ పిలవడం. ఆరుగురు కనుక పెద్ద బండి అడగాలి, పాపకు సీటు సంగతి ముందే చూసుకోవాలి. రోడ్డు మీద పావుగంట, ఇరవై నిమిషాల ప్రయాణం; హోటల్ గేటు దగ్గర భోజనం బుకింగు ఉందని చెబితే లోపలికి పంపుతారు. ఆరుగురికీ కలిపి అయ్యే టాక్సీ ఖర్చు మీ మామగారి మోకాళ్ల కంటే ఎక్కువ కాదని నా అభిప్రాయం.

రెండోది నాకు మరింత ఇష్టమైన దారి. బుకింగునే ఇంకో రోజుకు మార్చండి. మీరు మ్యాజిక్ కింగ్‌డమ్ చూసే రోజున పాలినీషియన్ మీకు మోనోరైలు దూరంలోనే ఉంటుంది. పాలినీషియన్‌లో మోనోరైలు దిగే వేదిక రెండో అంతస్తు ఎత్తులో ఉంటుంది, ఒహానా కూడా అదే అంతస్తులో ఉంది. మామగారు రైలు దిగి మెట్లు ఎక్కకుండా, దిగకుండా నేరుగా రెస్టారెంటు గుమ్మం దాకా నడిచి వెళ్లగలరు. యానిమల్ కింగ్‌డమ్ చూసిన రోజున మీ లాడ్జ్‌లోనే ఎన్నో ఏర్పాట్లు ఉన్నాయి. కిడానీ విలేజ్‌లోని సనా రెస్టారెంటులో మనవైపు రొట్టెలు, పచ్చళ్ల రకాలు దొరుకుతాయి, కిటికీల బయట జిరాఫీలు తిరుగుతుంటాయి.

డిస్నీ హోటళ్లలో దిగేవారు చేరే తేదీకి 60 రోజుల ముందు నుంచి, ఆ రోజునే గరిష్ఠంగా 10 రోజుల బసకు సరిపడా భోజనాలన్నీ బుక్ చేసుకోవచ్చు కనుక, ఆరుగురికి టేబుళ్లు ముందే నిండిపోతాయి. మార్చుదామంటే కుదరదని యాప్ చెప్పినా వదిలెయ్యకండి. 2 గంటల నియమం వల్ల అనుకోని పనులు వచ్చినవారు ఆ రోజునే రద్దు చేసుకుంటూ ఉంటారు. ముందురోజు రాత్రి, ఆ రోజు పొద్దున, భోజన వేళకు రెండున్నర, మూడు గంటల ముందు ఇలా మూడు సార్లు చూస్తే టేబుల్ కనిపించే అవకాశం బాగానే ఉంటుంది. కొత్తది దొరికి, ఖాయమని యాప్‌లో కనిపించాకే పాతది రద్దు చేయండి.

ప్రశ్న: మేము అక్కడి ఒక పార్కులో భోజనానికి 20 నిమిషాలు ఆలస్యంగా వెళ్లాము. మా పేరు కొట్టివేయలేదు కానీ 40 నిమిషాలు బయటే కూర్చోబెట్టారు. మా కళ్లెదుటే మా తరువాత వచ్చినవారిని లోపలికి పంపారు. లోపల ఖాళీ టేబుళ్లు కూడా కనిపించాయి. ఇది న్యాయమేనా?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: మీకు కలిగిన కష్టం నాకు అర్థమవుతుంది, ఎందుకంటే నాకూ జరిగింది. ఒకసారి వానలో చిక్కుకుని, 22 నిమిషాలు ఆలస్యంగా వెళ్లాము. గుమ్మం దగ్గర నిలువు బల్ల వెనుక నిలబడిన అమ్మాయి తెర మీద వేలితో మా పేరు పైకీ కిందికీ వెతికి, దొరికాక ఒక్క క్షణం మా పాప వంక చూసింది. పాప జుట్టులోంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. లోపలికి వెళ్లి రెండు కాగితపు తువ్వాళ్లు తెచ్చి ఇచ్చింది, ఆ తరువాతే అరగంట పడుతుందని చెప్పింది. ఆ అరగంటలో నాకూ మీలాగే కోపం వచ్చింది. కానీ అక్కడే కూర్చుని చూస్తుంటే వ్యవహారం కొంత అర్థమైంది.

ఖాళీగా కనిపించే టేబులు ఖాళీ అని కాదు. ఒక వడ్డించే మనిషికి ఒక్కసారిగా మూడు టేబుళ్లు నింపితే మూడు వంటల పట్టీలూ ఒకేసారి వంటగదిలోకి వెళ్తాయి, అక్కడ ముడి పడుతుంది. అందుకని కొన్ని నిమిషాలు తేడా ఉండేలా కూర్చోబెడతారు. పైగా నలుగురి టేబుళ్లు ఎక్కువ ఉంటాయి, తరచుగా ఖాళీ అవుతాయి. ఐదుగురో ఆరుగురో అయితే పక్కపక్కన ఉన్న రెండు టేబుళ్లు ఒకే సమయానికి ఖాళీ కావాలి. మీ తరువాత వచ్చి ముందు వెళ్లినవారు ఇద్దరో ముగ్గురో అయి ఉంటారు, లేదా వారి బుకింగు వేళ అదే అయి ఉంటుంది. మీకని ఉంచిన టేబుల్‌ను 15 నిమిషాలయ్యాక ఇంకొకరికి ఇచ్చేసి ఉంటారు. వారు తిని లేచేదాకా ఆగడం తప్ప ఆ సిబ్బంది చేయగలిగింది ఉండదు. ఒక్క మాట మాత్రం మీ తరఫున అంటాను: 40 నిమిషాలు పడుతుందని ముందే చెప్పి ఉండవలసింది. అలా చెప్పనప్పుడు మనమే మర్యాదగా అడగవచ్చు, అడిగితే చెబుతారు.

అక్కడి బుకింగు వేళ అంటే ఆ నిమిషానికి కంచం ముందు కూర్చుంటామని కాదు, ఆ వేళ తరువాత మన సంఖ్యకు సరిపడే మొదటి టేబుల్ మనదని. అందుకే వేళకు వెళ్లినవారు కూడా 10, 15 నిమిషాలు నిలబడవలసి వస్తుంది. ఇక మీదట ఆలస్యమవుతుందని తోస్తే ఈ పని చేయండి: అందరూ కలిసి పరుగెత్తవద్దు, వడిగా నడవగల ఒకరిని ముందు పంపి గుమ్మం దగ్గర పేరు చెప్పించండి. మా వారు తరువాతి రోజున అలాగే చేశారు. నేను పాపతో నెమ్మదిగా వెళ్లేసరికి మా వేళకు 12 నిమిషాలు దాటింది, ఆయన అప్పటికే పేరు చెప్పి, మేము దారిలో ఉన్నామని చెప్పి నిలబడి ఉన్నారు. మా టేబుల్ పోలేదు. రెస్టారెంటు దగ్గరికి వచ్చాక యాప్‌లోనే చెక్-ఇన్ చేసుకునే వీలు కూడా ఉంటుంది.

వాన సంగతి కూడా చెప్పాలి. ఫ్లోరిడాలో వేసవి మధ్యాహ్నాలు ఉరుములతో వాన పడటం మామూలు. మెరుపులు దగ్గరగా ఉన్నప్పుడు స్కైలైనర్ తీగబండ్లను ఆపేస్తారు. ఎప్‌కాట్‌లో సాయంత్రం భోజనం ఉండి, స్కైలైనర్ స్టేషను ఉన్న హోటల్లో దిగినవారు వాన మొదలైతే తీగబండి కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా, ఇంకో దారి ఏముందో వెంటనే హోటల్ వారిని అడగాలి.

ప్రశ్న: డిస్నీ వరల్డ్‌లోని గుడారాల విడిది ఫోర్ట్ వైల్డర్‌నెస్‌లో జరిగే హూప్-డీ-డూ భోజన ప్రదర్శనకు టికెట్లు తీసుకున్నాము. అక్కడ కూడా ఈ 15 నిమిషాలు ఇస్తారా?
– ఒక పాఠకురాలు, అట్లాంటా

జవాబు: దాని మీద ఆధారపడవద్దు. అది 1974 నుంచి నడుస్తున్న ప్రదర్శన. పాట మొదలయ్యే వేళ అందరికీ ఒకటే, డబ్బు ముందే మొత్తం కట్టి ఉంటారు. రద్దు నియమాలు కూడా మామూలు రెస్టారెంటులా 2 గంటలవి కావు, మీ టికెట్టు మీద ఉన్నవి ఒకసారి చదువుకోండి. కారులో వెళ్తుంటే ఇంకా ముందు బయల్దేరండి. కారును ఫోర్ట్ వైల్డర్‌నెస్ మొదట్లో ఉన్న పార్కింగులోనే వదిలి, లోపలి బస్సు ఎక్కి ప్రదర్శన జరిగే పయనీర్ హాలుకు వెళ్లాలి. ఆ బస్సు అడవి మధ్య గుడారాల వీధులగుండా ఆగి ఆగి వెళ్తుంది. కారు పెట్టిన క్షణం నుంచి కనీసం 45 నిమిషాలు మీ చేతిలో ఉండాలి.