ఇంటింటికీ కరపత్రాలు పంచాలంటే ఎవరి అనుమతి కావాలి?

ప్రశ్న: మాది పాలకొల్లు. కొత్తగా చీరల కొట్టు పెట్టాం. సంక్రాంతి బేరాల కోసం 5,000 కరపత్రాలు వేయించి, పట్టణంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఇంటింటికీ పంచాలనుకుంటున్నాం. మొదటిరోజు ఇద్దరు కుర్రాళ్లను పంపితే, గేటు తీసుకుని లోపలికి ఎలా వచ్చారంటూ ఒక ఇంటాయన పోలీసు కేసు పెడతానని కేకలేశారు. మున్సిపాలిటీకి డబ్బు కట్టకుండా పంచకూడదని పక్క కొట్టాయన అంటున్నారు. ప్రెస్సు వాళ్లేమో ‘వెయ్యి రూపాయలకు కొంటే లక్కీ డ్రాలో స్కూటర్’ అని వేయించమంటున్నారు. మేం ఏం చేయాలి? – ఒక పాఠకురాలు

జవాబు: పక్క కొట్టాయన మాటలో సగం నిజం ఉందమ్మా. మున్సిపాలిటీ అనుమతి అంటించే కాగితానికి కావాలి. చేతికిచ్చే కాగితం వేరు. 1965 నాటి ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టంలోని ప్రకటనల నిబంధనలు స్థలం మీద, భవనం మీద, గోడ మీద, హోర్డింగు మీద పెట్టి జనానికి కనపడేలా చేసే ప్రకటనల గురించి చెబుతాయి. ఇంటావిడ చేతికిచ్చిన కరపత్రం అలాంటి ప్రదర్శన కాదు. పైగా వ్యాపార ప్రకటన కూడా రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం ఇచ్చే భావప్రకటన స్వేచ్ఛలో భాగమేనని టాటా ప్రెస్ కేసులో సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది.

అదే కరపత్రాన్ని మీ కుర్రాళ్లు కరెంటు స్తంభానికో, బస్టాండు గోడకో, కాలవ వంతెన పిట్టగోడకో అంటించారంటే వ్యవహారం మారిపోతుంది. బహిరంగ ప్రదేశాలను వికృతం చేయడాన్ని నిరోధించే 1997 నాటి రాష్ట్ర చట్టం ఒకటి ఉంది. దాని కింద అది నేరం. ఆచరణలో చాలామంది ఇక్కడే దొరికిపోతారు. పంచగా మిగిలినవి చేతిలో ఉంటాయి, సాయంత్రం అవుతుంది, ఇంటికెళ్లే తొందరలో కుర్రాడు నాలుగు గోడలకు పామేసి వస్తాడు. కాగితం మీద ఫోన్ నంబరు మీదే కాబట్టి, పిలుపు మీకే వస్తుంది. కుర్రాళ్లకు మైదా జిగురు డబ్బా ఇవ్వకండి, మిగిలినవి లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి.

ఎవరైనా వచ్చి ‘ప్రకటన పన్ను’ అడిగితే తడబడకండి. జీఎస్టీ తెచ్చిన 101వ రాజ్యాంగ సవరణ, రాష్ట్ర జాబితాలో, అంటే రాష్ట్రాలు చట్టం చేయగల అంశాల పట్టికలో, ఉన్న ప్రకటనల పన్ను పద్దును తీసేసింది. స్థానిక సంస్థలు కొన్ని పనులకు రుసుము వసూలు చేయవచ్చు కానీ, దానికి తీర్మానం ఉండాలి, రసీదు ఇవ్వాలి. ‘ఏ తీర్మానం కింద? రసీదు ఇస్తారా?’ అని నెమ్మదిగా అడగండి. మీ ఊళ్లో అలాంటి తీర్మానం ఉందో లేదో ముందే తేల్చుకోవాలంటే, తెల్లకాగితం మీద మున్సిపల్ కమిషనర్‌కు ఒక దరఖాస్తు రాయండి. కరపత్రం నమూనా, పంచే తేదీలు, వార్డులు అందులో ఉండాలి. దాని నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో తీర్మానం నకలు అడగవచ్చు, 30 రోజుల్లో ఇవ్వాలి. సంక్రాంతికి అందాలంటే ఆ దరఖాస్తు నవంబరులోనే పడాలి. గ్రామాల్లో పంచాయతీ కార్యదర్శికి ఒక కాగితం ఇచ్చి ముద్ర వేయించుకుంటే సరిపోతుంది.

ఇక కేకలేసిన ఇంటాయన సంగతి. నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 329వ సెక్షన్ ప్రకారం అక్రమ ప్రవేశం నేరం కావాలంటే అడుగు పెట్టడం ఒక్కటే చాలదు. నేరం చేయాలనో, ఇంట్లోవాళ్లను బెదిరించాలనో, అవమానించాలనో, చికాకు పెట్టాలనో ఉద్దేశం ఉండాలి. గడియ పెట్టని గేటు తోసుకుని వచ్చి, అరుగు మీద కాగితం పెట్టి వెళ్లిపోయిన కుర్రాడికి ఆ ఉద్దేశం ఉందని నిరూపించడం కష్టం. కానీ అదే సెక్షన్‌లో రెండో సగం ఉంది. సక్రమంగా లోపలికి వచ్చినవాడు కూడా అలాంటి ఉద్దేశంతో అక్కడే నిలబడిపోతే నేరమే. ‘వద్దు, వెళ్లు’ అన్నాక కూడా ‘ఒక్కసారి చూడండి మేడమ్’ అంటూ గుమ్మంలో నిలబడటం అక్కడికే దారి తీస్తుంది. మామూలు అక్రమ ప్రవేశానికి మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇంట్లోకి చొరబడితే జైలు ఏడాది వరకు. రెండూ బెయిలు ఇవ్వదగినవే.

అందుకే కుర్రాళ్లకు గీత గీసి చెప్పండి. గడియ వేసిన గేటు తీయకూడదు, గేటు కమ్మీల్లోనో పాలప్యాకెట్ల సంచిలోనో పెట్టి వెళ్లాలి. ‘కరపత్రాలు వేయవద్దు’ అని బోర్డుంటే ఆ ఇల్లు దాటేయాలి. ఆ బోర్డును అతిక్రమిస్తే ఇంత జరిమానా అని ప్రత్యేక చట్టం లేదు. కానీ ఇంటివాళ్ల అసమ్మతి అక్కడ రాసి ఉన్నాక ‘తెలియక వచ్చాను’ అన్న జవాబు ఎక్కడా నిలవదు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా, దీపాలు పెట్టాక వెళ్లకపోవడం మర్యాద. ఒంటరిగా ఉండే ముసలివాళ్లకు తెలియని కుర్రాడు గుమ్మంలో కనపడితే భయం వేస్తుంది. ఆ భయాన్ని మనం తేలిగ్గా తీసుకోకూడదు. కుర్రాళ్లకు కొట్టు పేరు, ఫోన్ నంబరు ఉన్న కార్డు మెడలో వేసి పంపండి.

ఆ ఇంటాయన నిజంగానే ఫిర్యాదు చేస్తే స్టేషన్ నుంచి నోటీసు రావచ్చు. ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో, అరెస్టు అవసరం లేనప్పుడు, పోలీసులు, కోర్టులు నడుచుకోవాల్సిన పద్ధతి చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35(3) సెక్షన్ కింద నోటీసిచ్చి పిలుస్తారు. ఆ తేదీకి తప్పకుండా హాజరవండి. కరపత్రం, కమిషనర్ కార్యాలయం ముద్ర వేసిన నకలు, ఆ వీధికి ఏ రోజు ఎవరిని పంపారో రాసుకున్న పుస్తకం పట్టుకెళ్లండి.

సంక్రాంతి సెలవులు కదా అని బడిపిల్లల చేతికి కరపత్రాలు ఇవ్వడం మా వైపు మామూలైపోయింది. దయచేసి ఆ పని చేయకండి. 14 ఏళ్లు నిండని పిల్లలను పనిలో పెడితే ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు, లేదా 20,000 నుంచి 50,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడతాయి. ‘నేను పెట్టలేదు, పంచే ఏజెంటు పెట్టాడు’ అన్నది నమ్ముకోదగ్గ జవాబు కాదు, పని చేయనిచ్చినవారినీ చట్టం పట్టుకుంటుంది. ఏజెంటుకిస్తే ఈ షరతు కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి.

నా దృష్టిలో మీకు అసలు ప్రమాదం గేటు దగ్గర లేదు, కాగితం మీది రాతలో ఉంది. ఆ లక్కీ డ్రా వద్దు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, అమ్మకాలు పెంచుకోవడానికి పెట్టే లాటరీలనూ అదృష్ట పోటీలనూ అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. ఫలితాలు పాల్గొన్నవాళ్లకు చెప్పకుండా దాచడం కూడా అందులోదే. డబ్బు పెట్టి కొంటేనే కూపను అంటే, న్యాయ సంహిత 297వ సెక్షన్ లోని అనధికార లాటరీ ఆరోపణ కూడా ఎదురవుతుంది. అందులో డ్రా తీసే చోటు నడిపినవారికి ఆరు నెలల వరకు జైలు ఉంది, ప్రకటన వేసినవారికి 5,000 రూపాయల వరకు జరిమానా ఉంది. స్కూటరు మీద పెట్టే డబ్బును చీరల ధరలో తగ్గించి చూపండి, ఎవరూ వేలెత్తి చూపరు.

‘చీర కొంటే జాకెట్టు గుడ్డ ఉచితం’ అనాలంటే ఆ గుడ్డ ఖరీదు చీర ధరలో కలిపి ఉండకూడదు. ‘పట్టుచీర 999కే’ అని పెద్ద అక్షరాల్లో వేసి, అలాంటివి పది మాత్రమే తెప్పిస్తే అది ఎర ప్రకటన. 2022 జూన్‌లో వచ్చిన తప్పుదోవ పట్టించే ప్రకటనల మార్గదర్శకాలు దీనిని వద్దన్నాయి. సరుకు పరిమితమైతే ఆ మాట కాగితం మీదే ఉండాలి. షరతులు ఏ భాషలో ఆశ పెట్టారో ఆ భాషలోనే, చదవగలిగే అక్షరాల్లో ఉండాలి. తెలుగులో ఊరించి ఇంగ్లీషులో, చీమతలంత అక్షరాల్లో షరతులు వేయడం కుదరదు. పట్టులో నూలు కలిసి ఉంటే ‘పట్టు’ అనకండి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మొదటి తప్పుకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేయగలదు. జాతీయ జెండా, ప్రధానమంత్రి బొమ్మ, ప్రభుత్వ చిహ్నం వ్యాపారానికి వాడటాన్ని 1950 నాటి చిహ్నాల చట్టం నిషేధించింది.

కింద ప్రెస్సు పేరు వేయాలా అంటే, ప్రతి అచ్చు కాగితం మీదా వేయాలన్న 1867 నాటి చట్టం 2024 మార్చి 1తో పోయింది. దాని బదులు వచ్చింది పత్రికల రిజిస్ట్రేషన్‌కు సంబంధించింది. ఎన్నికల కరపత్రాలకు మాత్రం ముద్రించినవారి, ప్రచురించినవారి పేర్లు, చిరునామాలు తప్పనిసరి. అయినా మీరు ప్రెస్సు పేరు, ఎన్ని ప్రతులు, ఏ తేదీ అన్నవి వేయించుకోండి. మీ కొట్టు పేరుతో మరెవరో కాగితం వేసినప్పుడు తేడా చూపడానికి అదే ఆధారం.

గుమ్మం గుమ్మానికీ తిరగడం బరువనిపిస్తే పేపర్ ఏజెంటుతో దినపత్రిక మడతలో పెట్టించండి. తపాలా శాఖకు డైరెక్ట్ పోస్ట్ అనే సేవ కూడా ఉంది, చిరునామా లేని కరపత్రాలను పోస్ట్‌మన్ తన బీటులో, అంటే తాను రోజూ తిరిగే వీధుల్లో, వేస్తాడు, హెడ్ పోస్టాఫీసులో అడగండి. రాత మీద బాధ్యత ఎటు పంచినా మీదే. ఆటోకు మైకు కట్టి తిప్పాలంటే పోలీసు అనుమతి కావాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఎలాగూ కుదరదు. మిగిలిన కాగితాల కట్టలు మురుగుకాలవలోనో పంటకాలవలోనో పడేస్తే ఘన వ్యర్థాల నిబంధనల కింద జరిమానా వస్తుంది. తూము దగ్గర ఇరుక్కున్న ఆ కట్టలను తీసేది పారిశుధ్య కార్మికులే. వాటిని పాత కాగితాలవాడికి వేసేయండి.