డీ అండ్ డీలో (డంజన్స్ అండ్ డ్రాగన్స్, డైస్ వేస్తూ తలా ఒక పాత్ర ఆడే టేబుల్ ఆట) గ్రాపుల్ చేస్తే, అంటే శత్రువుని చేత్తో పట్టేసుకుంటే, డ్యామేజే రాదు కదా, మరెందుకు చేయడం?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళు ఎప్పుడూ కబడ్డీ ఆడుండరని నా గట్టి నమ్మకం. కూతకొచ్చినోడి మడమ దొరకబుచ్చుకుంటే వాడికి దెబ్బేం తగలదు, కానీ గీత దాటలేడు, అంతటితో వాడి పని అయిపోయినట్టే. గ్రాపుల్ కూడా అచ్చం అదే అండీ, ఉడుం పట్టు.

మాది గుంటూరు, ఆదివారాలు బ్రాడీపేటలో ఫ్రెండ్ వాళ్ళ మేడ మీద ఆడతాం. మినియేచర్లు (పాత్రల చిన్న బొమ్మలు) లేవు, చార్టు మీద స్కేలుతో అంగుళం గళ్ళు గీసి, గడికి 5 అడుగుల లెక్కన క్యారమ్ కాయిన్లు పెడతాం, విలన్‌కి రెడ్ కాయిన్. ఆ రోజు విలన్ ఒక దొంగ పూజారి, గుళ్ళో విగ్రహం సంచిలో వేసుకుని పడవ వైపు పరిగెడుతున్నాడు, పడవంటే అగ్గిపెట్టె, ఇంకో టర్న్ వస్తే ఎక్కేస్తాడు. మావాళ్ళంతా "గొడ్డలి తిప్పు రా మామా" అని ఒకటే గోల. వాడికింకా 50 పైనే హిట్ పాయింట్లున్నాయి (అవి సున్నా అయితేనే వాడు పడతాడు), నా రెండు దెబ్బలూ తగిలినా పాతికకి అటూ ఇటూ వస్తాయి, వాడేమో పడవెక్కి పోతాడు.

పట్టుకుంటా అన్నా. నా పాత్ర 5వ లెవెల్ బార్బేరియన్, అంటే మొరటు యోధుడు, స్ట్రెంగ్త్ 18, అథ్లెటిక్స్ ప్లస్ 7, పైగా రేజ్‌లో (ఆవేశంలో) ఉన్నా కాబట్టి రెండు డైస్ వేసి పెద్దది తీసుకోవచ్చు, దీన్నే అడ్వాంటేజ్ అంటారు. 12 పడింది, మొత్తం 19. డీఎం (ఆట నడిపేవాడు) వాడి తరఫున ఆక్రోబాటిక్స్, అంటే జారిపోయే నేర్పు, వేస్తే 14. దెబ్బకి వాడి స్పీడ్ సున్నా. రెండో అటాక్‌తో తోసేశా, అదీ నేనే గెలిచా, వాడు నేల మీద పడ్డాడు. "సరే, వాడి టర్న్‌లో లేస్తాడులే" అన్నాడు డీఎం. ఎలా లేస్తాడండీ? లేవాలంటే స్పీడ్‌లో సగం ఖర్చు పెట్టాలి, సున్నాలో సగం ఎంత? పుస్తకం తీసి చూపించా, స్పీడ్ సున్నా ఉంటే లేవలేరని అందులోనే ఉంది. ఇక దగ్గరున్న మావాళ్ళందరికీ అడ్వాంటేజ్, విల్లు పట్టుకున్నోడికి మాత్రం పడున్నోడి మీద దూరం నుంచి డిసడ్వాంటేజ్ (రెండు డైస్‌లో చిన్నదే లెక్క) కాబట్టి వాడు కూడా కత్తి తీసుకుని పరిగెత్తుకొచ్చాడు. రెడ్ కాయిన్ మీద నా నల్ల కాయిన్ ఎక్కించి పెట్టా, ఫైట్ అయ్యేదాకా అది ఆ గడిలోంచి కదల్లేదు.

అసలు నాకు మండేది ఎక్కడంటే, చాలామంది డీఎంలు గ్రాపుల్ అనగానే "అబ్బా ఆ తలనొప్పి వద్దురా" అంటారు. ఆ చెడ్డపేరు 2003లో వచ్చిన 3.5 ఎడిషన్ రూల్స్ నాటిది, అప్పట్లో పట్టుకోడానికి వెళ్తే ముందు అవతలోడే ఒకటి పీకేవాడు, తర్వాత టచ్ అటాక్ (వాడిని తాకగలరా అని ఒక డైస్), ఆ తర్వాత మళ్ళీ పట్టు కోసం ఇంకో డైస్. 2014 రూల్స్‌లో అదంతా తీసేసి ఇద్దరూ డైస్ వేసే ఒక్క పోటీ పెట్టారు, అయినా ఎవరూ చదవరు, తమ టర్న్ వచ్చేదాకా ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు.

2024 రూల్స్‌లో ఆ పోటీ కూడా పోయింది. 8కి మీ స్ట్రెంగ్త్ మాడిఫయర్ (బలానికొచ్చే ప్లస్), ప్రొఫిషియెన్సీ (లెవెల్‌తో పెరిగే ప్లస్) కలిపితే వచ్చే నంబర్ మీద అవతలోడు సేవ్, అంటే తప్పించుకునే డైస్, వేస్తాడు, నాకైతే 8కి 4, 3 కలిపి 15 వస్తుంది. పట్టుబడ్డోడు మిమ్మల్ని కాకుండా వేరేవాళ్ళని కొడితే డిసడ్వాంటేజ్, ఇది మాత్రం మంచి మార్పు. కానీ ఇద్దరూ ఒకేసారి డైస్ వేసినప్పుడు మేడంతా సైలెంట్ అయిపోయేది చూడండి, అది లేదు. మేమింకా పాతదే ఆడుతున్నాం.

గ్రాపుల్ చేయాలంటే ఒక చెయ్యి ఖాళీగా ఉండాలి, కత్తీ డాలూ రెండూ పట్టుకుంటే కుదరదు. మీకంటే ఒక్క సైజు పెద్దోడి వరకే, అంటే మనిషి సైజు పాత్రకి ఓగర్ (రాక్షసుడు) ఓకే, అంతకంటే పెద్దదైన హిల్ జెయింట్ కుదరదు. ఇంకోటి, పట్టుకున్నంత మాత్రాన మంత్రాలు ఆగవు, మిస్టీ స్టెప్ మంత్రం ఉన్నోడు చేతుల్లోంచి మాయమై 30 అడుగుల అవతల తేలతాడు. అలాంటోడు తగిలితే మాత్రం గొడ్డలే తిప్పండి.